కెమెరా కొనేముందు కాంతిని లెక్కపెట్టండి

పోయిన ఏడాది వేసవి సెలవులకు ముందు మా బడిలో పదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. చేతిలో ఒక కాగితం. దాని మీద మూడు కెమెరాల పేర్లు, వాటి ఎదురుగా మూడు అంకెలు రాసుకుంది: 16, 20, 48.

"మాస్టారూ, నాన్న కెమెరా కొందామంటున్నారు. పదివేలు దాటకూడదట. 48 మెగాపిక్సెళ్ళు ఉన్నదే అన్నిటికంటే చవక. అదే తీసుకోమంటారా?"

ఫోనులో కెమెరా ఉంటుంది కదా, మళ్ళీ ఇదెందుకమ్మా అని అడిగాను. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఇంట్లో ఉన్న మంచి ఫోను ఒక్కటే, అది పొద్దున ఆరింటికి ఆయన జేబులో బయల్దేరి రాత్రికి గానీ ఇల్లు చేరదు. ఏడాది దాటిన తమ్ముడు మొదటి అడుగు వేసిననాడు ఫోను రైల్వేస్టేషన్ దగ్గరుంది. ఎనభై దాటిన నాయనమ్మ ఉంది. ఆవిడ ఫొటో ఇంట్లో ఒక్కటే ఉందట, ఆధార్ కార్డు మీదిది!

"రేపు రామ్మా, కాస్త లెక్క చూసుకుని చెబుతాను" అని పంపించేశాను. లెక్క నాకు తెలియక కాదు. ఇదే పని నేను 2012లో చేసి దెబ్బతిన్నాను. అది ఆ పిల్లకు ఎలా చెప్పాలా అని ఆలోచించుకోవడానికి ఒక రోజు కావలసి వచ్చింది.

అప్పుడు దుకాణంలో నా ముందు రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి 10 మెగాపిక్సెళ్ళది, రెండోది 16ది. కొట్టు కుర్రవాడు "పదహారు పెద్దదా, పది పెద్దదా సార్?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా సైన్సు చెబుతున్న నేను తలూపి పదహారు తెచ్చుకున్నాను. మా అమ్మకు సాయంత్రం దీపం వెలిగించాక వసారాలో కూర్చోవడం అలవాటు. ఆ కెమెరాతో ఆవిడను తీసిన ఫొటోలన్నీ ముఖం మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకుగా వచ్చాయి. ఎండలో తీసినవి మాత్రం చక్కగా ఉన్నాయి. ఆవిడ ఎండలోకి వచ్చేదే తక్కువ. ఇప్పుడు ఆవిడ లేరు, ఆ రవ్వ ఫొటోలే మిగిలాయి.

లోపం ఎక్కడుందో చూద్దాం. ముందు చిన్న ప్రయోగం.

పగటిపూట ఒక గదిలో కిటికీకి ఎదురుగోడ దగ్గర నిలబడి, భూతద్దాన్ని గోడకు కొంచెం దూరంలో పట్టుకోండి. ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట కిటికీ, దాని అవతలి చెట్టు, ఆకాశం అన్నీ రంగులతో సహా తలకిందులుగా గోడ మీద కనిపిస్తాయి. మీరు పాఠంలో చదివిన కుంభాకార కటకం ఏర్పరిచిన నిజ ప్రతిబింబం ఇదే. ఇప్పుడు భూతద్దంలో సగాన్ని నల్ల కాగితంతో మూయండి. ఏమవుతుంది? సగం చెట్టు మాయమవుతుందని తరగతిలో చాలామంది చెబుతారు. చేసి చూస్తే చెట్టు మొత్తం అలాగే ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. కటకంలోని ప్రతి భాగమూ మొత్తం బొమ్మను తయారుచేస్తుంది. కటకం ఎంత వెడల్పయితే బొమ్మ అంత ప్రకాశవంతం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

కెమెరాలో మన గోడ స్థానంలో పూర్వం ఫిల్ము ఉండేది. ఇప్పుడు సెన్సర్ అనే చిన్న సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద లక్షలాది గడులు. ఒక్కొక్క గడి మీద పడిన కాంతి అక్కడ ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. ఎక్కువ కాంతి పడితే ఎక్కువ ఎలక్ట్రాన్లు. వాటిని లెక్కపెట్టి అంకెలుగా మార్చి దాచుకోవడమే డిజిటల్ ఫొటో. ఈ గడులనే పిక్సెళ్ళు అంటాం. మెగా అంటే పది లక్షలు కాబట్టి 16 మెగాపిక్సెళ్ళంటే కోటీ అరవై లక్షల గడులు. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో ఉన్నవి నూరు వరుసలు, వరుసకు నూరు గడులు, మొత్తం 10,000 మాత్రమే. దాని బరువు సుమారు మూడున్నర కిలోలు. ఒక్క బొమ్మను టేపు క్యాసెట్టులోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది.

పది వేల నుంచి కోట్లకు వచ్చాం కదా, ఇంకా పెరిగితే నష్టమేమిటి? ఇక్కడే నేను మోసపోయాను.

కాంతి నీటిధారలా ఎడతెగకుండా రాదు. ఫోటాన్లనే చిన్న చిన్న మోతాదులుగా, వానచుక్కల్లా వచ్చి పడుతుంది. మీ ఇంటి ముందు నాపరాళ్ళు పరిచిన జాగా ఉంటే వాన మొదలైనప్పుడు చూడండి. తొలి నిమిషంలో ఒక బండ మీద ఆరు చుక్కలు, పక్కదాని మీద పన్నెండు, ఆ పక్కన తొమ్మిది. అన్నిటి మీదా ఒకే వాన! అయినా ఒక్కో బండ ఒక్కోలా కనిపిస్తుంది. వాన జోరందుకున్నాక తేడా కనిపించదు, అన్నీ ఒకేలా తడుస్తాయి.

దీనికి గణితంలో ఒక సూత్రం ఉంది. సగటున ఎన్ని చుక్కలు పడతాయో దాని వర్గమూలమంత తేడా అటూ ఇటూ సహజంగా వస్తుంది. సగటు 9 అయితే తేడా 3, అంటే మూడో వంతు. సగటు 900 అయితే తేడా 30, అంటే ముప్పయ్యో వంతే. చుక్కలు తక్కువైతే మచ్చలు, ఎక్కువైతే నునుపు. మా అమ్మ ముఖం మీద కనబడిన రవ్వ సరిగ్గా ఇదే. ఫొటోగ్రాఫర్లు దీన్ని నాయిస్ అంటారు. వసారాలో వెలుగు తక్కువ. నా కెమెరాలోని చిన్న చిన్న గడుల్లో పడ్డ ఫోటాన్లు తక్కువ. పక్కపక్క గడుల మధ్య తేడా ఎక్కువ.

బండ పెద్దదైతే ఎక్కువ చుక్కలు పడతాయి. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న, "ఎన్ని గడులు?" అని కాదు, "ఆ పలక ఎంత పెద్దది?" అని. చౌకరకం చిన్న కెమెరాల్లో చాలావాటికి పలక సుమారు 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు ఉంటుంది. చిటికెన వేలి గోరంత కూడా ఉండదన్న మాట. వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. దీన్ని 1/2.3 అంగుళం సెన్సర్ అంటారు. 1/1.7 అంగుళం అని రాసి ఉంటే సుమారు 43 చదరపు మి.మీ. ఒక అంగుళం అని ఉంటే 13.2ను 8.8తో గుణించండి, 116 వస్తుంది. పెద్ద కెమెరాల్లో 36 మి.మీ., 24 మి.మీ. కొలతల పలక ఉంటుంది, పాత ఫిల్ము చట్రమంత. అది 864.

(స్కేలు తెచ్చుకుని కొలిచే బుద్ధిమంతులకు ఒక మాట. 'ఒక అంగుళం' సెన్సర్ కర్ణాన్ని పైథాగరస్ సిద్ధాంతంతో కట్టండి. 16 మి.మీ. కూడా రాదు. అంగుళమంటే 25.4 కదా! ఈ కొలత పాత టెలివిజన్ కెమెరాల్లోని గాజు గొట్టం వెలుపలి వ్యాసం నుంచి వచ్చింది. గొట్టాలు పోయాయి, పేరు మిగిలింది. వ్యాపారానికి పనికొచ్చే పేరు కనక ఎవరూ మార్చలేదని నా అనుమానం.)

ఇక నా రెండు కెమెరాల లెక్క. నేను కొన్నదాంట్లో 28 చదరపు మి.మీ.ను కోటీ అరవై లక్షల గడులు పంచుకున్నాయి. వదిలేసినదాంట్లో 43ను కోటి గడులే పంచుకున్నాయి. భాగించి చూస్తే దాని గడి నా గడికి దాదాపు రెండున్నర రెట్లు. పైగా దాని కటకం కూడా వెడల్పయినది. కటకం చుట్టూ 1:2 అనో, 1:3.3 అనో రాసి ఉంటుంది. నాభ్యంతరాన్ని కటక ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఈ సంఖ్య. దీన్ని ఎఫ్ సంఖ్య అంటారు. వ్యాసం భాగహారంలో కింద ఉంది కనక సంఖ్య చిన్నదయ్యేకొద్దీ ద్వారం పెద్దది. కాంతి ద్వారం వైశాల్యాన్ని బట్టి వస్తుంది కనక వర్గం చేయాలి. నాది 3.3, దానిది 2. 3.3ను 2తో భాగించి వర్గం చేస్తే 2.7. రెండున్నరను 2.7తో గుణించండి. నేను వదిలేసిన కెమెరాలో ఒక్కో గడికి ఆరు రెట్లకు పైగా కాంతి చేరేది. "పదహారు పెద్దదా, పది పెద్దదా" అన్న ప్రశ్నకు ఇదీ జవాబు.

మర్నాడు ఆ అమ్మాయికి ఇదంతా బోర్డు మీద వేసి చూపించాను. "అయితే పిక్సెళ్ళు అసలు ఎన్ని కావాలి మాస్టారూ?" అంది. మంచి ప్రశ్న. స్టూడియోలో మామూలుగా ఇచ్చే 6 అంగుళాలు, 4 అంగుళాల ఫొటోకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800, 1200 కావాలి. గుణిస్తే 21 లక్షల 60 వేలు. గోడకు తగిలించే 12, 8 అంగుళాల ఫొటోకైనా 86 లక్షలు చాలు. అంటే పది మెగాపిక్సెళ్ళతో ఒక సామాన్య కుటుంబం జీవితకాలం గడిపేయవచ్చు.

మరి ఆ 48? చవకగా అమ్మే కొన్ని కెమెరాల్లో సెన్సర్ మీద నిజంగా ఉండే గడులు చాలా తక్కువ. వాటి మధ్య లేని గడులను లెక్కగట్టి పూరించి, ఆ మొత్తాన్ని డబ్బా మీద అచ్చువేస్తారు. గ్లాసుడు పాలలో నీళ్ళు పోసి నాలుగు గ్లాసులు చేయడంలాంటిది. వివరాల పట్టికలో సెన్సర్ కొలత అసలు రాయని కెమెరాను చూస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

ఫోన్ల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మంచి ఫోన్లు మీట ఒక్కసారి నొక్కితే వరసగా అనేక బొమ్మలు తీసి, వాటి సగటు కడతాయి. అదే బండ మీద చుక్కలను పదిసార్లు లెక్కపెట్టి సగటు తీస్తే తేడాలు తగ్గుతాయి కదా, అదే ఉపాయం. అందువల్ల ఎప్పుడూ ఇంట్లోనే ఉండే మంచి ఫోను ఉన్నవాళ్ళు పదివేలు పోసి చౌకరకం కెమెరా కొనడం నా దృష్టిలో వృథా. ఈ అమ్మాయి ఇంట్లో పరిస్థితి వేరు.

చిన్న కెమెరాకు ఫోను మీద ఉన్న బలం జూమ్. అయితే జూమ్‌లు రెండు రకాలు. కటకాలు ముందుకూ వెనక్కూ జరిగి నాభ్యంతరం మారితే అది ఆప్టికల్ జూమ్, అసలైనది. డిజిటల్ జూమ్ అంటే బొమ్మ మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీయడమే. రెండు రెట్లు సాగదీస్తే మిగిలేది నాలుగో వంతు గడులు. ఆ పని ఇంటికొచ్చాక మీరే చేసుకోవచ్చు, దానికి డబ్బివ్వనక్కర్లేదు. అసలు జూమ్‌లో కూడా ఒక మెలిక ఉంది. కటకం మీద 3.3–6.6 అని రెండు సంఖ్యలుంటే, జూమ్ పూర్తిగా లాగినప్పుడు రెండోది వర్తిస్తుంది. సంఖ్య రెట్టింపయితే కాంతి నాలుగో వంతు! ముప్పై రెట్ల జూమ్ ఎండలో కొంగను తీయడానికి బాగుంటుంది. రాత్రి బడి వార్షికోత్సవంలో వెనకవరుస నుంచి వేదిక మీది చెల్లెలిని తీయబోతే మాత్రం నిరాశే.

ఇంటి ఫొటోలకు దగ్గరి కొసే ఎక్కువ ముఖ్యమని నేనంటాను. మన గదులు చిన్నవి, బంధువులు ఎక్కువ. ఫిల్ము లెక్కలో 24 మి.మీ. అని ఉన్న కటకం మూడు మీటర్ల దూరం నుంచి నాలుగున్నర మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. 28 అని ఉంటే 3.9 మీటర్లే. ఆ అరవై సెంటీమీటర్లలో ఒక పెద్దమ్మో బాబాయో నిలబడతారు.

ఫ్లాష్ ఉంది కదా, చీకటికి భయమెందుకు అంటారేమో. ఫ్లాష్ వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో ఉన్నవారికి అందిన వెలుగులో పదహారో వంతే నాలుగు మీటర్ల అవతల ఉన్నవారికి అందుతుంది. పెళ్ళి గ్రూపు ఫొటోలో ముందు కూర్చున్న పిల్లలు సున్నం పూసినట్టూ, వెనక నిలబడ్డ తాతలు నీడల్లోనూ ఉండేది ఇందుకే.

చేయి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉంటే మంచిదే, కానీ అది ఆపేది మన చేతి కదలికనే. ఎదుటివాడి పరుగును అది ఆపలేదు. సెకనుకు ఒక మీటరు చొప్పున తప్పటడుగులు వేసే పిల్లవాడు సెకనులో పదిహేనో వంతు కాలంలో 6.7 సెంటీమీటర్లు జరుగుతాడు. అంటే ముఖంలో సగం. సెకనులో 250వ వంతులో తీస్తే జరిగేది 4 మిల్లీమీటర్లే. అంత తక్కువ సేపు తెరిచి కూడా సరిపడా కాంతి రావాలంటే మళ్ళీ పెద్ద పలక, వెడల్పు కటకం, లేదా ఎక్కువ వెలుగు కావాలి. చూశారా, ఏ దారిన వెళ్ళినా కాంతి దగ్గరికే వస్తున్నాం.

ఆ మూడింటిలో డబ్బివ్వనక్కర్లేనిది వెలుగు. ట్యూబులైటు వేసిన గదిలో వెలుగు నూటయాభై, రెండువందల లక్స్‌లు ఉంటుంది. నడి ఎండలో దాదాపు లక్ష. మన కన్ను సర్దుకుపోతుంది గనక ఇంత తేడా ఉందని మనకు తెలియదు. పగలు వీధి గుమ్మం దగ్గర నీడలో కూర్చుంటే వెయ్యి లక్స్‌లు సులభంగా దాటుతుంది. అంటే గది మధ్య నుంచి గుమ్మం దాకా మనిషిని జరిపితే అయిదారు రెట్ల కాంతి ఉచితం. నేను దుకాణంలో పోగొట్టుకున్నదీ దాదాపు అంతే. మా అమ్మ కుర్చీని ఓ గంట ముందు, వెలుగుండగానే, వసారా అంచుకు జరిపి ఉంటే సరిపోయేది.

ఒక అంగుళం సెన్సర్ ఉన్నది ఆ అమ్మాయి నాన్నకు పదివేలలో దొరకలేదు. పాతది చూడమన్నాను. ఫోన్లు వచ్చాక చాలామంది చిన్న కెమెరాలను బీరువాల్లో పడేశారు, వెతికితే మంచివి దొరుకుతాయి. ఒక ఆదివారం ముగ్గురం కలిసి వెళ్ళాం. "మీరు చూడండి మాస్టారూ, నాకేం తెలుసండీ" అని ఆయన పక్కన నిలబడ్డాడు. నేను చేయలేదు, అమ్మాయి చేతే చేయించాను. మీరూ ఇలాగే చూడండి.

ముందుగా బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద పెట్టింది. ఉబ్బితే బల్ల మీద బద్దగా ఆనదు, బొంగరంలా తిరుగుతుంది. ఆ రకం బ్యాటరీ ఇంకా అమ్ముతున్నారా అని అడిగింది. జూమ్ నాలుగైదుసార్లు లాగి, చప్పుడు లేకుండా కదులుతోందో లేదో విన్నది. కటకాన్ని అరచేత్తో గట్టిగా మూసి ఒక ఫొటో తీసింది. నల్లటి బొమ్మలో ఎర్రగానో తెల్లగానో మెరిసే చుక్కలు కనబడితే ఆ గడులు చెడినట్టు. తరవాత తెల్లగోడను తీసింది. మసక మచ్చలుంటే లోపల దుమ్ము చేరినట్టు. ఆఖరున కొట్టు లోపల, బల్ల కింది చీకట్లో తన అరచేతిని తీసి, తెర మీద పెద్దది చేసి గీతలు కనిపిస్తున్నాయా, రవ్వ కనిపిస్తోందా చూసింది. కొట్టతను "టీచరమ్మ వచ్చినట్టుందే!" అన్నాడు.

కార్డు సంగతి నేనే చెప్పాను. బాగా పాత కెమెరాలు కొన్ని 2 జీబీ దాటిన కార్డులను చదవలేవు. ఇంకొన్నిటికి ఇప్పుడు తయారు కాని రకం కార్డులు కావాలి. మేం చూసినది 32 జీబీ కార్డును తీసుకుంది. ఒక్కో ఫొటో 5 ఎంబీ అనుకుంటే సుమారు ఆరు వేల ఫొటోలు. ఫిల్ము రోజుల్లో రీలుకు 36తో సరిపెట్టుకున్న మాకు ఇది వింతే. అయితే ఆరు వేలూ ఆ ఒక్క కార్డులోనే ఉంచవద్దనీ, నెలకోసారి ఇంకోచోటికి నకలు తీసుకోమనీ, నచ్చిన నాలుగింటిని కాగితం మీద వేయించమనీ చెప్పాను.

చివరికి కొన్నది 12 మెగాపిక్సెళ్ళ పాత కెమెరా. 1/1.7 అంగుళం సెన్సర్, కటకం మీద 2 అని ఉంది. బరువు రెండువందల గ్రాములు, గౌను జేబులో పడుతుంది. డబ్బు ఇంకా మిగిలింది కూడా.

బడులు తెరిచాక ఆ అమ్మాయి కాలేజీలో చేరబోతూ ఒక ఫొటో తెచ్చి ఇచ్చింది. 12, 8 అంగుళాలది. వాళ్ళ నాయనమ్మ సాయంత్రంపూట గుమ్మంలో చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ముఖం మీది ప్రతి ముడతా, చేటలో వేరుచేసిన రాళ్ళూ కనిపిస్తున్నాయి. రవ్వ లేదు. ఒక మూల మాత్రం, గడపను ఆనుకుని, చొక్కా రంగులో అడ్డంగా ఒక మసక చార. "అది మా తమ్ముడు మాస్టారూ, ఆగమంటే ఆగలేదు" అంది.

షట్టరు తెరుచుకున్నది సెకనులో ముప్పయ్యో వంతు సేపు. పక్కనున్న చెంబుతో పోల్చి చూస్తే చొక్కా గుండీ గీసిన చార పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. పిల్లవాడు ఎంత వేగంతో పారిపోతున్నాడో మీరు కట్టండి.